షుగర్ ఉందా, లేదా? రిపోర్టులో నంబర్‌ను ఎప్పుడు నమ్మాలి

మైపాడులో పరగడుపున తీసిన రక్తాన్ని సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు ల్యాబ్‌కు పంపారనుకుందాం. షుగర్ 118 అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ రక్తం మామూలు ట్యూబులో రెండు గంటలు ఎండలో ప్రయాణించి ఉంటే, అసలు షుగర్ 126 దాటి ఉండొచ్చు.

శాంపిల్ దగ్గరే తేడా

ట్యూబులోకి చేరాక కూడా రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది, వేడికి ఇంకా త్వరగా తగ్గుతుంది. అందుకే ఈ పరీక్షకు ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబు వాడతారు. మొదటి ఒకటి రెండు గంటలు ఫ్లోరైడ్ కూడా పూర్తిగా పనిచేయదు. కాబట్టి శాంపిల్ ఐసులో పెట్టి త్వరగా చేర్చడం మంచిది.

మూడు నెలల షుగర్

హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఈ మార్పును 1960ల చివర్లో టెహ్రాన్‌లో గుర్తించినది శామ్యూల్ రహ్‌బార్. అయితే చాలాకాలం ఒక్కో ల్యాబ్ ఒక్కో పద్ధతిలో కొలవడంతో ఒకే రక్తానికి వేర్వేరు నంబర్లు వచ్చేవి. చేపల బజారులో ముద్ర లేని తూకం రాళ్ల లాంటి పరిస్థితి. 1996లో అమెరికాలో మొదలైన ఎన్‌జీఎస్‌పీ కార్యక్రమం అన్ని కంపెనీల పద్ధతులనూ ఒకే కొలతకు సరిచూసింది. ఆ నమ్మకంతోనే 2010లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6.5 శాతాన్ని షుగర్ నిర్ధారణకు ఒప్పుకున్నాయి. కొన్ని రిపోర్టుల్లో ఇదే 48 మిల్లీమోల్/మోల్ అని ఉంటుంది.

షుగర్ అని చెప్పే హద్దులు

• పరగడుపున: 126 లేదా ఎక్కువ
• 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటలకు: 200 లేదా ఎక్కువ
• హెచ్‌బీఏ1సీ: 6.5 శాతం లేదా ఎక్కువ

అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు లేకపోతే ఒక్క రిపోర్టుతో నిర్ధారించరు, ఇంకో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. ఇంట్లో వాడే గ్లూకోమీటర్ షుగర్‌ను గమనించుకోవడానికే, నిర్ధారణకు కాదు.

నంబర్ తప్పుదోవ పట్టించేది ఎప్పుడు

ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. ఈమధ్య రక్తం పోయినా, ఎక్కించుకున్నా, తలసేమియా ఉన్నా లెక్క తప్పొచ్చు. గర్భిణులకు గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షే సరైనది.

ల్యాబ్‌లో అడగాల్సినవి

ఏ ట్యూబు వాడుతున్నారు? శాంపిల్ ఎంతసేపట్లో ల్యాబ్‌కు చేరుతుంది? హెచ్‌బీఏ1సీ పద్ధతికి ఎన్‌జీఎస్‌పీ గుర్తింపు ఉందా? ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా? ఈసారి, వచ్చేసారి ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటే పోల్చుకోవడం తేలిక. రంజాన్‌కు ఒకటి రెండు నెలల ముందే పరీక్ష చేయించుకుంటే, రోజా ఉండొచ్చా, మందులు ఎలా మార్చుకోవాలి అన్నది డాక్టర్‌తో మాట్లాడుకునే సమయం దొరుకుతుంది.