చంద్రగిరి కోటలో ఒక పూట

తిరుపతికి వచ్చిన యాత్రికులు కొండనెక్కి, స్వామిని సేవించి, తిరుగురైలు నందుకొందురు. అచ్చటికి పండ్రెండు కిలోమీటర్ల దూరముననే విజయనగర ప్రభువుల కడపటి రాజధానులలో నొకటి కలదని తలచువారు తక్కువ. మేమును పెక్కుమారులు అట్లే తిరిగి వచ్చితిమి. ఈమారు మాత్రము ఒక పూట చంద్రగిరికై ఉంచుకొంటిమి.

ఊరు దాటి కోటగోడల నడుమకు పోగానే పెద్ద రాతికొండయు, దాని పాదమున రాజమహలును కనబడును. అది మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నములతో కట్టిరే కాని కొయ్యను వాడలేదు. కమానులలో మహమ్మదీయ శిల్పరీతియు, పైనున్న శిఖరములలో మన ఆలయ గోపురముల పోలికయు కలిసిపోయినవి. చెంతనే రెండంతస్తుల రాణిమహలు.

సాళువ నరసింహరాయలు ఈ కోటనుండియే బలము కూర్చుకొని 1485 ప్రాంతమున విజయనగర సింహాసన మధిష్ఠించెను. 1565లో రక్కసి తంగడి యుద్ధమున ఓటమి కలుగగా రాజధాని పెనుగొండకును, పిమ్మట చంద్రగిరికిని తరలెను. ఒక వంశమునకు మొదటి మెట్టయిన కోటయే మరియొక వంశమునకు తలదాచుకొను చోటయ్యెను. రెండవ వేంకటపతిరాయలు ఇచ్చట కొలువుదీరియుండగా 1598లో జెసూట్ గురువులు వచ్చి దర్శించుకొనిరి. ఆనాటి ఐరోపావాసులు రాయల దయను కోరి వచ్చినవారు.

రాయల సామంతుడగు దామెర్ల వేంకటాద్రినాయకుడు 1639లో సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేలను ఇంగ్లీషు కంపెనీ వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు కౌలుగా నిచ్చెను. దానికి రాయల సమ్మతి ఈ మేడలోనే లభించెనని చెప్పుకొందురు. మూడవ శ్రీరంగరాయలు 1645లో ఆ కౌలును మరల స్థిరపరచెను. 1646లో చంద్రగిరి గోలకొండవారి వశమయ్యెను. ఇచ్చినవారి రాజ్యము అంతరించెను. పుచ్చుకొన్నవారు అచట కోట కట్టి, క్రమముగా దేశమునకే ప్రభువులైరి. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప పేర వెలసిన చెన్నపట్నము మాత్రము మహానగరమై నిలిచినది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ నగరము మనకు దక్కలేదు. అది మనదేయని ఊరేగింపులలో నడిచిన పెద్దలు మా ఇంటను ఉండిరి. వారెన్నడును చంద్రగిరిని చూచి యెరుగరు. మేడ మెట్లు దిగుచుండగా ఆ సంగతియే మాకు మాటిమాటికి స్ఫురించెను. పోయిన పట్నమునకై నిట్టూర్చుటకు మనకు ఏండ్లకేండ్లు తీరిక దొరకినది; దాని పుట్టుకతో ముడిపడిన మేడను చూచుటకు ఒక పూట దొరకలేదు.

నేడు రాజమహలు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల. తిరుమలయాత్రకు బయలుదేరు శ్రోతలు తమ పిల్లలతో ఆ పూటను మిగుల్చుకొందురుగాక.