ఇంటి పంపకము

వేదాద్రి యోగానంద నరసింహస్వామిని సేవించి జగ్గయ్యపేట వైపు పోవువారు పాత మండువా ఇండ్లను చూచియుందురు. గదిలో భోషాణము, మూలను గంగాళములు, అటక నిండ జాడీలు. పిల్లలు పట్నములు చేరిరి, మిగిలినది వృద్ధదంపతులు. రెండు గదుల యింటికి మారుదమన్న, ముందు భోషాణము గుమ్మమున పట్టదు. అంతకన్న కదలనిది ఏది ఎవరికను మాట. ఆ మాట తెగకున్న ఎంత దూరము పోవునో ఈ సీమ ఎరుగును.

రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1783లో జమీందారీకి వచ్చెను. బేతవోలునకు తండ్రి పేర జగ్గయ్యపేటయని పేరిడినది ఆయనయే. చింతపల్లి విడిచి అమరావతి చేరెను. మంగళగిరిలో పదునొకండు అంతస్తుల గోపురమెత్తించెను. ఇన్ని ఇచ్చిన చేతికి ఇంటి పంపకము మాత్రము కుదరలేదు. సంతు లేమిచే జగన్నాథబాబును, అతడు బ్రతికియుండగనే రామనాథబాబును దత్తు తీసికొనెను. పెంచిన ఇరువురకును ఈయగోరుట తప్పని నేననజాలను. కాని 1816లో ఆయన గతించిన పిదప తగవు పెరిగి సముద్రము దాటి లండనులోని ప్రివీ కౌన్సిలునకెక్కెను. మొదటి దత్తుడుండగ రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చెను. ముప్పది ఏండ్లు! 1956 నాటి దత్తత చట్టమును ఆ నియమమునే నిలిపినది.

అదే జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను దిబ్బ కలదు. పేరు విని నిక్షేపములనుకొందుము; 1882లో బర్జెస్ దొర త్రవ్వింపగ బౌద్ధస్తూపము బయల్పడెను. అచ్చటి ఆయక స్తంభములపై ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరువదవ ఏటి శాసనమున్నది. వెలగిరి గ్రామపు మహాచైత్యమునకు తూర్పు వాకిట ఐదు స్తంభములు నిలిపిన దాత రాజు కాడు, సిద్ధార్థుడను శిల్పి. అతడు వృద్ధుడును కాడేమో, తల్లి జీవించియే యుండెను. నన్నాకర్షించునది దానము పరిమాణము కన్న, అది చెక్కించిన తీరు. తానొక్కడే ఇచ్చినట్లు వ్రాయించుకొనలేదు. తల్లి నాగిలని, భార్య సముద్రని, కొడుకు మూలసిరి, కూతురు, తమ్ముడు బుద్ధినాక, మరదలు కనిక, వారి బిడ్డలు నాగసిరి, చందసిరి, సిద్ధార్థనిక—ఇంటిల్లిపాదిని పేరుపేరున రాతిపై నిలిపెను, ఆడపిల్లలతో సహా.