చెరపడం నేర్చుకున్న యంత్రాలు: లాగ్ ఫైళ్ల పుట్టుపూర్వోత్తరాలు

డిస్క్ నిండిపోయిన సర్వర్‌కు చోటు లేదన్న సంగతి రాసుకోవడానికి కూడా చోటుండదు. డేటాబేస్ కొత్త రికార్డు తీసుకోదు. వచ్చిన మెయిల్ లోపలికి చేరదు. లాగిన్ అవుదామన్నా ఒక్కోసారి కుదరదు. యూనిక్స్ కుటుంబపు సిస్టమ్‌లు ఈ స్థితిని 28వ నంబరు ఎర్రర్‌గా చెబుతాయి: ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’. నిర్వాహకుడు ఎలాగో లోపలికి వెళ్లి వెతికితే, అంత డిస్క్‌నూ మింగింది చాలాసార్లు ‘వార్/లాగ్’ డైరెక్టరీలో ఉన్న ఒకే ఒక్క ఫైలు అని తేలుతుంది.

అది ఎంత త్వరగా మింగగలదో లెక్క వేసి చూడవచ్చు. డేటాబేస్ అందక ఒక ప్రోగ్రామ్ ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందనుకుందాం. ప్రయత్నం విఫలమైన ప్రతిసారీ లాగ్‌లో 200 బైట్ల వాక్యం ఒకటి రాస్తోంది. సెకనుకు 5,000 వాక్యాలంటే 1 మెగాబైట్. గంటకు 3.6 గిగాబైట్లు. శుక్రవారం సాయంత్రం మొదలైందంటే సోమవారం ఉదయం ఆఫీసు తెరిచేసరికి 200 గిగాబైట్లు దాటిపోతుంది. అంతా ఒకే వాక్యం!

ఈ బాధ కొత్తది కాదు. జరిగినదాన్ని రాసుకోవడం కంప్యూటర్లు తొలినాళ్లలోనే నేర్చాయి. ఏది, ఎప్పుడు, ఎంత చెరపాలన్నది మాత్రం ఒక్కో దెబ్బ తగిలాక ఒక్కో మెట్టుగా నేర్చుకున్నాయి.

మొదట్లో లాగ్ అంటే కాగితమే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో చిమ్మట పురుగు ఇరుక్కుంది. ఆపరేటర్లు దాన్ని బయటికి తీసి, లాగ్ పుస్తకంలో ఆనాటి పేజీకి టేపుతో అంటించారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. తొలినాటి యూనిక్స్ యంత్రాలకూ కన్సోల్ అంటే టెలిటైపే. కెర్నల్ చెప్పుకోదలచింది కాగితపు చుట్ట మీద అచ్చయ్యేది. కాగితం ఎంత పేరుకున్నా నిండేది బీరువానే, యంత్రం ఆగేది కాదు.

బెల్ ల్యాబ్స్ నుంచి 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్ వచ్చేనాటికి ఆ మాటలు డిస్క్ మీదికి చేరాయి. కెర్నల్ సందేశాలను బయటికి తీసే ‘డీమెసెజ్’ ప్రోగ్రామ్‌ను పది నిమిషాలకోసారి నడిపి, వచ్చినదాన్ని ‘మెసేజెస్’ అనే ఫైలు చివర చేర్చుకునే పద్ధతి ఆ ఎడిషన్ మాన్యువల్‌లోనే ఉంది. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో ‘డబ్ల్యూటీఎంపీ’ అనే మరో ఫైలు రాసుకునేది. దీని ఏర్పాటు గమనించదగ్గది. అందులో రాసే ప్రోగ్రామ్‌లు ఆ ఫైలును తమంతట తాము సృష్టించవు. నిర్వాహకుడు ఖాళీ ఫైలు పెడితే రాస్తాయి, తీసేస్తే మానేస్తాయి. ఆ కాలపు పీడీపీ-11 యంత్రాలకు తగిలించే ఆర్‌కే05 డిస్క్‌లో పట్టేది సుమారు 2.5 మెగాబైట్లే. మనం పైన వేసిన లెక్క ప్రకారం మూడు సెకన్ల సరుకు.

నేటి లాగ్‌లకు రూపం వచ్చింది మాత్రం కాలిఫోర్నియాలో. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ 1980ల మొదట్లో సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ రాస్తూ, దాని అవసరం కోసమే సిస్‌లాగ్‌ను తయారుచేశారు. అంతవరకు ప్రతి ప్రోగ్రామూ తనకు తోచిన ఫైల్లో, తనకు తోచిన తీరులో రాసుకునేది. సిస్‌లాగ్ వచ్చాక ప్రోగ్రామ్‌లన్నీ తమ మాటను ఒకే సేవకు అప్పగించి ఊరుకోవచ్చు. దేన్ని ఏ ఫైల్లో వెయ్యాలి, దేన్ని వేరే కంప్యూటర్‌కు పంపాలి, దేన్ని పారెయ్యాలి అన్నది నిర్వాహకుడు ఒకేచోట నిర్ణయిస్తాడు.

ప్రతి సందేశానికీ ఆల్‌మన్ రెండు గుర్తులు పెట్టారు. ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒకటి, ఎంత తీవ్రమైనదన్నది రెండోది. తీవ్రతకు ఎనిమిది మెట్లు: 0 అంటే వ్యవస్థే పడిపోయే అత్యవసరం, 7 అంటే ప్రోగ్రామర్‌కు తప్ప ఎవరికీ అక్కరలేని డీబగ్ సమాచారం. మొదటి అంకెను 8తో గుణించి రెండోది కలిపితే సందేశం నంబరు వస్తుంది. మెయిల్‌ది 2, ఎర్రర్‌ది 3 కాబట్టి మెయిల్ ఎర్రర్ 19గా ప్రయాణిస్తుంది. డిస్క్ నిండే కథల్లో ఈ మెట్లది పెద్ద పాత్ర. ఏదో లోపం పట్టుకోవడానికి ఒక పూట 7వ మెట్టు దాకా తెరిచి, పని అయ్యాక మూయడం మరిచిపోవడం నిర్వాహకులందరికీ తెలిసిన ముచ్చటే.

ఒకే వాక్యం వెంటవెంటనే వస్తే పక్కపక్కన రాసుకుంటూ పోకుండా, చివరి సందేశం ఇన్నిసార్లు వచ్చిందని ఒక్క ముక్కలో రాసే తెలివి కూడా బర్క్‌లీ సిస్‌లాగ్‌కు అబ్బింది. రెండు వేర్వేరు వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే మాత్రం ఆ తెలివి పనిచేయదు.

ఏ ప్రమాణపత్రమూ లేకుండానే సిస్‌లాగ్ లోకమంతా పాకింది. అప్పటికే నడుస్తున్న తీరును వివరించే ఆర్‌ఎఫ్‌సీ 3164 పత్రం 2001లో గానీ రాలేదు. జర్మనీకి చెందిన రైనర్ గెర్‌హార్డ్స్ రాసిన అసలు ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5424 వచ్చింది 2009లో.

ఇంత తంటా ఎందుకు, లాగ్‌లు రాయడమే మానేస్తే పోదా? 1986లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో జరిగిన సంగతి దీనికి జవాబు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. ఆ తేడా తేల్చమని ఖగోళ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించారు. చిల్లర పైసలని వదిలెయ్యకుండా ఆయన తీగ లాగితే, జర్మనీలోని హానోవర్ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న మార్కస్ హెస్ దొరికాడు. అతడు దొంగిలించిన సమాచారం సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి చేరుతోంది. దొంగ తన అడుగుజాడలు చెరిపెయ్యకుండా స్టోల్ ఫోన్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, అతడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద పట్టుకున్నారు. లాగ్ లేకపోతే ఆ చొరబాటు బయటపడేదే కాదు. రాయక తప్పదు, రాసిందంతా దాచుకోలేం.

మధ్యేమార్గంగా పుట్టిందే లాగ్ రొటేషన్. ప్రస్తుత ఫైలుకు పేరు మార్చి పక్కన పెట్టడం, ఖాళీ ఫైల్లో కొత్తగా మొదలుపెట్టడం, అన్నిటికంటే పాతదాన్ని తీసెయ్యడం. మొదట ఎవరికి వారు చిన్న స్క్రిప్ట్ రాసుకుని రాత్రిళ్లు నడిపేవారు. 1980ల చివర ఎంఐటీ వారి అథీనా ప్రాజెక్టులో థియోడర్ త్సో ‘న్యూసిస్‌లాగ్’ రాశారు. బర్క్‌లీ యూనిక్స్ సంతతికి చెందిన బీఎస్‌డీ సిస్టమ్‌లు నేటికీ దాని వారసులనే వాడుతున్నాయి. తర్వాతి కాలంలో లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 బాధ్యత చూసుకున్నదీ ఆయనే. 1990ల నడుమ రెడ్ హ్యాట్‌లో ఎరిక్ ట్రోన్ చేతిలో లినక్స్‌కు ‘లాగ్‌రొటేట్’ వచ్చింది. వారానికోసారి ఫైలు మార్చు, నాలుగు పాతవి ఉంచు అన్నది దాని తొలి అమరిక. 1992లో విడుదలైన జీజిప్ దీనికి కలిసివచ్చింది. ఒకే రకం వాక్యాలు తిరిగి తిరిగి వచ్చే లాగ్‌లు జిప్ చేస్తే తరచు పదో వంతుకు కుంచించుకుపోతాయి.

అయినా నిర్వాహకులను ఏడిపించే చిక్కు ఒకటి మిగిలింది. కంగారులో 50 గిగాబైట్ల లాగ్‌ను డిలీట్ చేస్తారు. ఫైలు కనబడదు, చోటు మాత్రం రాదు. యూనిక్స్‌లో డిలీట్ చేయడమంటే డైరెక్టరీలోంచి పేరు కొట్టెయ్యడమే. ఇంటి ముందు పేరు పలక పీకేసినంత మాత్రాన లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినట్టు కాదు కదా! ఆ ఫైలును తెరిచిపెట్టుకున్న ప్రోగ్రామ్ దాన్ని మూసేదాకా డిస్క్ బ్లాకులు విడుదల కావు. పైగా అది కనబడని ఫైల్లోకి రాస్తూనే ఉంటుంది. ‘డీఎఫ్’ ఆదేశం డిస్క్ నిండుగా ఉందంటుంది, ఫైళ్లు కూడి చూసే ‘డీయూ’ ఖాళీ ఉందంటుంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్ ఏబెల్ రాసిన ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ ఈ పేరులేని ఫైళ్లను పట్టి ఇస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు నడుస్తున్న లాగ్‌ను డిలీట్ చేయరు, ఉన్నచోటే సున్నా బైట్లకు కుదిస్తారు. లాగ్‌రొటేట్ కూడా ఫైలు మార్చాక ప్రోగ్రామ్‌కు సిగ్నల్ పంపి, కొత్త ఫైలు తెరుచుకోమంటుంది.

ఫైల్ సిస్టమ్ రాసినవాళ్లూ ముందుజాగ్రత్త పడ్డారు. లినక్స్ ఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును సర్వాధికారాలున్న రూట్ యూజర్ కోసం అట్టే పెడుతుంది. మిగతావాళ్లకు డిస్క్ నిండినా రూట్ పని సాగుతుంది. కానీ సిస్‌లాగ్ సంప్రదాయంగా నడిచేది రూట్ గానే. అంటే ఆపద కోసం దాచిన 5 శాతాన్ని కూడా అదే తినెయ్యగలదు. లాగ్‌లుండే ‘వార్’ డైరెక్టరీని వేరే పార్టిషన్‌లో పెట్టమని పాతకాలపు నిర్వాహకులు పట్టుబట్టేది అందుకే.

2011 నవంబరులో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీలో భాగంగా ‘జర్నల్’ను ప్రకటించినప్పుడు పెద్ద రగడ జరిగింది. లాగ్‌ను మామూలు టెక్స్ట్‌గా కాక బైనరీ రూపంలో దాచడం చాలామందికి నచ్చలేదు. ఆ గొడవలో ఒక మేలు మరుగున పడింది. చెరపడం ఇక్కడ పక్కన నడిచే మరో ప్రోగ్రామ్ పని కాదు, రాసే ప్రోగ్రామ్ బాధ్యతే. ఎవరూ ఏమీ చెప్పకపోయినా జర్నల్ ఆ ఫైల్ సిస్టమ్‌లో 10 శాతాన్ని, గరిష్ఠంగా 4 గిగాబైట్లను మించదు, 15 శాతం ఖాళీ ఉంచాలని చూస్తుంది. ఒకే సేవ 30 సెకన్లలో 10,000 సందేశాలు దాటితే మిగతావి పారేస్తుంది.

కొత్త పరికరాలు వచ్చినచోటల్లా పాత పాఠం మళ్లీ మొదటికొచ్చింది. ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ కంటైనర్ల లాగ్‌లకు మామూలు అమరికలో గరిష్ఠ పరిమితి లేదు. పైగా అవి ‘వార్/లాగ్’లో ఉండవు కాబట్టి వెతికేవాళ్ల కంటికి ఆనవు. టెస్లా కార్లలో దెబ్బ మరోలా తగిలింది. పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల తెర వెనక 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్ ఉంది. దాని కణాలు కొన్ని వేలసార్లు రాస్తే అరిగిపోతాయి. లినక్స్ ఆగకుండా రాసే లాగ్‌లే చిప్‌ను తినేస్తున్నాయని విడిగా మరమ్మతులు చేసేవాళ్లు 2019లో బయటపెట్టారు. తెర ఆరిపోతే రివర్స్ కెమెరా కూడా పోతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ అడిగాక, 2021 ఫిబ్రవరిలో సుమారు 1,35,000 కార్లు రీకాల్ అయ్యాయి.

మన దేశంలో ఇప్పుడు ఒత్తిడి రెండోవైపు నుంచి, అంటే చెరపకుండా దాచమనే వైపు నుంచి వస్తోంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలే లెక్క. రోజుకు 500 మెగాబైట్లు రాసే సర్వర్‌కు 180 రోజులంటే 90 గిగాబైట్లు. జర్నల్ 4 గిగాబైట్ల హద్దులో పట్టేది, కుదింపు లెక్కలోకి తీసుకోకపోతే, ఎనిమిది రోజుల సరుకు. లాగ్‌రొటేట్ పాత అమరికలో మిగిలేది 28 రోజుల సరుకు. అందుకే లాగ్‌లన్నిటినీ వేరే సర్వర్‌కు పంపి, జిప్ చేసి, ప్రత్యేకమైన డిస్క్‌లో దాచే ఏర్పాటు తప్పనిసరవుతోంది. ఆ సర్వర్‌లో వారానికోసారి ఫైలు మార్చే అమరికే ఉంటే, లాగ్‌రొటేట్‌లో 4 అని ఉన్నచోట 26 అని రాయాలి. అప్పుడు 182 రోజులు నిలుస్తాయి.