రోజా జైగాంటియా: ఉష్ణదేశపు తీగగులాబీల వంశచరిత్ర

తీగగులాబీల చరిత్రను వ్రాసిన పాశ్చాత్యులలో పెక్కుమంది జపానుదేశపు వన్యజాతులైన మల్టిఫ్లోరా, విచురానాలకే అగ్రస్థానమొసంగిరి. అందుకు కారణము లేకపోలేదు. 1893లో ఇంగ్లండున విక్రయమునకు వచ్చిన ‘క్రిమ్సన్ రాంబ్లర్’, 1901లో అమెరికాయందు వెలువడిన ‘డొరొతీ పెర్కిన్స్’, 1921లో ఫ్రాన్సున బార్బియే కుటుంబమువారు ప్రకటించిన ‘అల్బెర్టీన్’ మొదలగునవి ఆ జాతులనుండియో, వాని సన్నిహిత బంధువులనుండియో పుట్టి, శీతలదేశముల మంచునకు వెరవక పెరిగినవి. కాని మంచు కురియని దేశములందు తీగగులాబికి వలయు గుణములు వేరు. వానిని ప్రసాదించిన మూలజాతి మన ఈశాన్యపు కొండలలో నున్నది.

1882లో జార్జి వాట్ మణిపురమునందును, కొద్ది సంవత్సరములకు హెన్రీ కొలెట్ బర్మాలోని షాన్ కొండలయందును ఈ జాతిని కనుగొనగా, 1888లో బెల్జియం శాస్త్రవేత్త క్రెపాన్ దీనిని ‘రోజా జైగాంటియా’ యను పేర ప్రకటించెను. వంకరముళ్ళ నూతగా మహావృక్షముల నెగబ్రాకి, యేబది అడుగులకు మించి పెరుగగల యీ తీగ, వసంతమున ఒక్కమారు మాత్రమే, నాలుగైదు అంగుళముల వెడల్పున, మీగడవన్నె రేకులతో పూచును. గులాబిజాతులన్నిటిలో ఇంతటి పువ్వు వేరొకదానికి లేదు.

విశేషమేమనగా, శాస్త్రజ్ఞుల కంటబడుటకు పూర్వమే దీని వంశము ఐరోపా తోటలలో ప్రవేశించియుండెను. చీనాతోటలనుండి 1809లోను, 1824లోను ఇంగ్లండునకు చేరిన రెండు ‘టీ’ గులాబీలు జైగాంటియాకును చీనాగులాబికిని కలిగిన సంకరసంతానమని ఆంగ్ల జన్యుశాస్త్రవేత్త హర్‌స్ట్ నిర్ణయించెను. కావున చీనా తోటమాలులే యీ జాతికి ప్రథమ సంస్కర్తలని చెప్పుట న్యాయము. వారి పేళ్ళు మనకు దక్కకపోవుట చింతింపదగినది.

వన్యజాతిని నేరుగా గైకొని సంకరము చేయబూనినవారికి ఒక చిక్కు తప్పలేదు. ఏడాది పొడుగునను పూచు గుణము సంతానమున అణగియుండు లక్షణము. తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించినగాని బయటపడదు. పూతను నిరోధించు జన్యువొకటి చెడిపోవుటయే యీ నిత్యపుష్పత్వమునకు హేతువని 2012లో ఫ్రెంచి, జపాను పరిశోధకులు నిరూపించిరి. జన్యువులనగా నేమో తెలియని కాలపు తోటమాలికి మాత్రము, మొదటి తరము పిల్లతీగ ఏటి కొకమారు పూచి యూరకుండుట మిక్కిలి నిరాశను గలిగించియుండును.

ఆ నిరాశకు లొంగనివాడు ఆస్ట్రేలియావాసి అలిస్టర్ క్లార్క్ (1864–1949). మెల్బోర్ను సమీపమున బల్లాయందలి తన గ్లెనారా క్షేత్రమున ఆయన జైగాంటియాను ‘మదాం మార్టిన్యే’ యను టీగులాబితో కలిపి, 1915లో ‘జెస్సీ క్లార్క్’ను వెలువరించెను. అది వసంతారంభమున ఒక్కమారు పూచి విరమించునది. క్లార్క్ దానితోనే ఆగిపోయియున్నచో ఆయన పేరు నేడు స్మరించువారుండరు. కాని ఆయన దానిని మరల టీగులాబులతో కలిపెను. అట్లు పుట్టిన ‘లొరేన్ లీ’ (1924) నడిశీతకాలమునను ఎడతెగక పూచుటచే ఆస్ట్రేలియాలో ఇంటింటి కంచెపై నిలిచెను. ‘నాన్సీ హేవార్డ్’ (1937) గోడలపై ప్రాకెను. లాభాపేక్ష లేక తన గులాబీలను సంఘములకు దానము చేసిన యా మహనీయుని బార్బియే కుటుంబము సరసన నిలుపని చరిత్ర అసమగ్రమని నా దృఢవిశ్వాసము.

మన దేశమున ఈ కార్యమును చేపట్టినవారు కొడైకెనాల్ నివాసులైన వీరరాఘవన్ దంపతులు. శ్రీ ఎం. ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, ఉద్యోగమును ముందుగనే విరమించి గులాబిసృష్టికి అంకితులైరి. శీతలదేశపు జాతులనుండి పుట్టిన గులాబీలు మన ఎండలకు నీరసించుట చూచి, మణిపురపు జైగాంటియాను, నదీతీరములందు వరదనీట నానియు చావని ‘రోజా క్లినోఫిల్లా’ యను వన్యగులాబిని వారు మూలములుగా గైకొనిరి. వారి జైగాంటియా సంకరములలో నొకదాని పేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’. సరోజినీ నాయుడు తొలి కవితాసంపుటికిని, హైదరాబాదునందలి ఆమె గృహమునకును గల పేరదియే.