గంజితొట్టి ఆస్పత్రి, మా అవ్వ చీటీ

మా అవ్వ తలగడ కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో రెండే కాగితాలు. ఒకటి ఈఎస్ఐ కార్డు, అది ఇప్పుడు చెల్లదు. రెండోది స్టాన్లీ ఆస్పత్రి ఓపీ చీటీ. చెల్లని కార్డు ఎందుకు దాచుకున్నావని అడిగితే, "మళ్ళీ పనికొస్తుందేమో, ఉండనీరా" అంటుంది. చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ టీచర్ చెప్పినప్పుడు నేను రాజుల గురించి రాద్దామనుకున్నాను. చివరికి ఈ కవరు గురించే రాస్తున్నాను.

మేముండేది పాత వణ్ణారపేట. మా ముత్తాత నెల్లూరు జిల్లా నుంచి ఇక్కడికి, హార్బరులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో స్టాన్లీని ఎవరూ స్టాన్లీ అనరు, గంజితొట్టి ఆస్పత్రి అంటారు. తమిళంలోనూ కంజితొట్టి అనే పిలుస్తారు. రోగులకు గంజి పోస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకున్నాను చిన్నప్పుడు. అసలు కథ వేరే.

మద్రాసులో మొదటి ఇంగ్లీషు ఆస్పత్రి 1664లో కోటలో పెట్టారు. అది జబ్బుపడ్డ కంపెనీ సిపాయిల కోసం. ఇప్పుడు సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాస్పత్రి అదే. 1772లో కోట నుంచి ఆ చోటికి మారింది. మనవాళ్ళను అందులో చేర్చుకోవడం మొదలైంది 1842లో. లెక్క వేసి చూశాను, 178 ఏళ్ళు! మరి అన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళకు జబ్బు చేస్తే ఎక్కడికి పోయేవాళ్ళు? డబ్బున్నవాళ్ళ ఇంటికి వైద్యుడే వచ్చేవాడు. లేనివాళ్ళ కథ గంజి దగ్గర మొదలైంది.

1780లో హైదరలీ సైన్యం ఈ ప్రాంతం మీదికి వచ్చింది. పంటలు పోయాయి, కరువు వచ్చింది. పల్లెల నుంచి జనం మద్రాసుకు పరుగెత్తుకొచ్చారు. 1782లో ఊరి ఉత్తరం వైపు ఒక సత్రం పెట్టి, తొట్లలో గంజి పోశారు. ఊరి పెద్దను తమిళంలో మణియక్కారర్ అంటారు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది మనెగార్ అయి, మనెగార్ సత్రం అనే పేరు నిలిచింది. మన వెంకటగిరి రాజా పేరుతో ఉన్న సత్రం కూడా దానితో కలిసింది. ఆకలితో వచ్చినవాళ్ళకు జబ్బులూ ఉంటాయి కదా. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు అక్కడ ఈ దేశం వాళ్ళ కోసం చిన్న ఆస్పత్రి మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి ఈనాటి స్టాన్లీ అయింది. 1938లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. స్టాన్లీ 1929 నుంచి 1934 దాకా మద్రాసు గవర్నరు. బోర్డు మీద గవర్నరు పేరు, జనం నోట్లో గంజి పేరు.

అంటే మొదట్నుంచీ రెండు వాకిళ్ళు. సిపాయికి ఒకటి, గంజికి వచ్చినవాడికి ఒకటి. మధ్యలో ఉన్నవాళ్ళ మాట, అంటే నెలజీతం మీద బతికే కూలీల మాట, స్వాతంత్ర్యం వచ్చాక గానీ గట్టిగా వినబడలేదు. 1948లో ఈఎస్ఐ చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఆ పథకాన్ని ప్రారంభించాడు. కార్మికుడు కొంత కడతాడు, యజమాని ఎక్కువ కడతాడు. కార్మికుడికీ అతని మీద ఆధారపడిన వాళ్ళకూ వైద్యం ఉచితం. నాకైతే ఇది చాలా గొప్ప ఆలోచన అనిపించింది. కానీ దాంట్లో ఒక గీత ఉంది. అప్పట్లో నెలజీతం 400 రూపాయలు దాటితే ఈఎస్ఐ లేదు. ఆ గీతను చాలాసార్లు పైకి జరిపారు. 2017 జనవరి నుంచి అది 21,000.

మా నాయన అంబత్తూరులో ఒక కంపెనీలో ఫిట్టర్. జీతం 20,500 ఉండేది. నూటికి ముప్పావు రూపాయి చొప్పున నెలకు 154 రూపాయలు పట్టుకునేవాళ్ళు. దాంతో అవ్వకు బీపీ, షుగర్, గుండె మాత్రలన్నీ వచ్చేవి. 2023 జులైలో జీతం 21,800 అయింది. ఆరోజు నాయన అర కిలో మైసూర్‌పాక్ తెచ్చాడు. గీత దాటామని మాకు అప్పుడు తెలీదు. కట్టిన డబ్బుకు 2024 జూన్ ఆఖరు దాకా కార్డు పనిచేసింది, తర్వాత ఆగిపోయింది. పెరిగింది 1,300. బయట కొంటే అవ్వ మాత్రలకు నెలకు 1,400, డాక్టరు ఫీజు వేరే. "జీతం పెరిగి మనం వంద రూపాయలు బాకీ పడ్డాం" అని అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు.

మరి బీమా కార్డు ఉంది కదా అని మా క్లాసులో ఒకడు అడిగాడు. 2007లో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2009లో తమిళనాడులోనూ అలాంటి పథకం మొదలైంది. అప్పుడు ఏడాదికి 72,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు ఇచ్చారు, ఇప్పుడు ఆ గీత 1,20,000. మా నాయన ఏడాది జీతం 2,61,600. పైగా ఆ కార్డు ముఖ్యంగా ఆపరేషన్లకూ, ఆస్పత్రిలో చేరితే చేసే పెద్ద వైద్యానికీ. నెలనెలా మింగే మాత్రలకు కాదు.

గీత లేకుండా ఎవరూ ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. 1958లో డాక్టర్ కె.ఎస్. సంజీవి అడయారు వైపు వాలంటరీ హెల్త్ సర్వీసెస్ అనే సంస్థ పెట్టాడు. అక్కడ ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ళు చందా కట్టేవాళ్ళు. అది ఊరికి ఆ చివర, మేము ఈ చివర. మా పేటలోనే డాక్టర్ జయచంద్రన్ ఉండేవాడు. మొదట్లో 2 రూపాయలు, తర్వాత 5 రూపాయలు తీసుకునేవాడు. ఎవరి జీతం ఎంతని అడగలేదు. 2018 డిసెంబరులో ఆయన పోయినప్పుడు మా వీధంతా వెళ్ళింది. నాయన భుజం మీద కూర్చుని నేనూ చూశాను.

ఇప్పుడు అవ్వ గంజితొట్టికే పోతోంది. ఎదురింటి పాటికి ప్రభుత్వం వాళ్ళు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు గానీ, అవ్వకు గుండె చూపించుకోవాలి, వెళ్ళక తప్పదు. చీటీ రాసేచోట అవ్వ పేరూ వయసూ అడిగారు. నాయన జీతం చెప్పబోతే, అక్కర్లేదన్నారు. కరువులో ఏమీ లేనివాళ్ళ కోసం పుట్టిన చోటు, మా జీతం అడగని చోటు రెండూ ఒకటే కావడం నాకు వింతగా ఉంది. అక్కడ కట్టేది ఏమీ లేదు. కాకపోతే అవ్వను తీసుకుపోయిన రోజు అమ్మ పనికి పోదు, ఆరోజు కూలి రాదు. అందుకని శనివారం అయితే నేనే తోడు పోతున్నాను. తెల్లారి ఆరుకే బయల్దేరతాం. టీ, రెండు బన్నులు నా ఖర్చు.

నాయన మాత్రం రోజూ పేపర్లో వెతుకుతుంటాడు, ఆ 21,000 ఇంకొంచెం పైకి జరిపారేమో అని.