పొడ తూర్పు కోడెల లెక్క

అమ్రాబాద్ గుట్టల మీది ఆవుల మందను పాల లెక్కతో చూసినవాళ్లంతా అది దండగని తేల్చేశారు. నల్లమల అంచు లంబాడా తండాల్లో పెరిగే పొడ తూర్పు ఆవు రోజుకు రెండు మూడు లీటర్లిస్తే గొప్ప. అందులోనూ ఎక్కువ భాగం దూడకే వదులుతారు. ఆ వదిలిన పాలే మందకు పెట్టుబడి. కడుపునిండా తాగిన కోడెదూడ రెండు మూడేళ్లకు కాడికి పనికొస్తుంది, మంద ఖర్చంతా దాని ధరలోనే తిరిగొస్తుంది. పాలమూరు మెట్ట సేద్యం తరతరాలుగా ఈ కోడెల మీదే నడిచింది.

మాది కల్వకుర్తి దిక్కు, జొన్న, ఆముదం పండించే ఇల్లు. కాడికి కోడెలు కావాల్సిన ఏడు, దీపావళి దాటాక మా నాయన కురుమూర్తి జాతరకు పోయేవాడు. దేవుడి దర్శనం ఎంత ముఖ్యమో పశువుల అంగడీ అంతే ముఖ్యం. తెల్లని ఒంటి మీద ఎర్రటి పొడలు, లేదంటే ఎర్రటి ఒంటి మీద తెల్లటి పొడలు ఉన్న జత కనబడితే అక్కడే ఆగేవాడు. నోరు తెరిచి పండ్లు చూసేవాడు, సుళ్లు వెతికేవాడు. అన్నిటికన్నా ఎక్కువసేపు గిట్టల దగ్గర కూర్చునేవాడు. "చెల్కల రాళ్లల్ల నడిచేది గిట్టరా, కొమ్ములు కాదు" అని నాకు చెప్పేవాడు. ధర నోటితో చెప్పుకోరు. కండువా కింద వేళ్లు పట్టుకుని తెగ్గొడతారు. చేతిలో సగమే ఉంటే మిగతాది ఆముదాలు అమ్మినంక ఇచ్చే ఒప్పందం. ఆ ఉద్దెరకు కాగితం లేదు, మాటే పూచీ. లంబాడా పెంపకందారుకూ మెట్ట రైతుకూ మధ్య అంత నమ్మకం పెరగడానికి కోడెలే కారణమని నా గట్టి నమ్మకం.

ఆ పెంపకం వెనుక పెద్ద చరిత్రే ఉంది. లంబాడాల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగినవాళ్లు. 1874లో వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్ దాకా రైలు వచ్చింది, ఆ వెంట రోడ్లు పెరిగాయి, బరువులు మోసే ఎద్దుకు గిరాకీ పోయింది. తండాలు ఒకచోట నిలదొక్కుకునే కొద్దీ కొందరికి మందే బతుకుతెరువయింది. బరువులు మోయించినవాళ్లు దున్నేవాళ్లకు కోడెలు పెంచి అమ్మారు. మారిన అంగడికి తగ్గట్టు మందను నిలుపుకోవడం వాళ్లు అప్పుడే ఒకసారి చేసి చూపించారు.

మందకు గాసం కొనకపోవడమే ఈ లెక్కకు ప్రాణం. వానకాలమంతా అడవిలో మేత. కోతలయ్యాక మంద మైదానానికి దిగి జొన్న కొయ్యకాళ్లు మేస్తుంది. రాత్రి ఎవరి చేన్లో మంద పెడితే వాళ్లు కాపరికి గింజలో, పైసలో ఇస్తారు. పెండ, మూత్రం మళ్లీ పంటకు చేనుకే. రెండు దిక్కులా లాభమే.

ఈ లెక్క ఒక్కసారిగా చెడలేదు. ముందు ట్రాక్టర్ వచ్చి కోడెను కొనేవాణ్ని తగ్గించింది. జొన్న పోయి పత్తి వచ్చాక కోత తర్వాత చేన్లో మేత కరువయింది. అడవి సంగతి వేరే. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక మన దిక్కున్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమయింది. పులి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే తాతల కాలం నుంచి మేపిన చోటికి మందను తోలడానికి కాపరి భయపడాల్సిన పరిస్థితి వచ్చిందంటే, మంద ఖర్చులో మేత అనే పద్దు కొత్తగా చేరినట్టే.

సర్కారు సాయం మటుకు పాల దారినే నడిచింది. సంకరజాతి ఆవులు, విజయ డెయిరీ, మదర్ డెయిరీ పేరుతో నడిచే నల్లగొండ–రంగారెడ్డి పాల సంఘం, తెలంగాణ వచ్చాక లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం. బోరు కింద పచ్చిగడ్డి పెంచుకోగలిగిన ఇంటికి ఇవన్నీ నిజంగా ఆసరా. దూడకు పాలు వదిలే కాపరికి ఆ 4 రూపాయల్లో పైసా కూడా అందలేదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద సంకరజాతి, విదేశీ పశువులు దాదాపు 27 శాతం పెరిగితే దేశవాళీవి 6 శాతం తగ్గాయి. సాయం ఎటు పోతే పశువూ అటే పోయింది.

2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ పొడ తూర్పును ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఆ గుర్తింపు కోసం పెంపకందారులు సంఘంగా కూడి పాటుపడ్డారు, వాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది. అయితే గుర్తింపు ఒక్కటే చాలదు. కోడె ధర, పెండ ధర, మేత హక్కు, ఈ మూడూ కుదిరితేనే మందకు లాభం. గుంటుక తోలడానికి, సాళ్లలో కలుపు తీయడానికి నేటికీ ఎద్దులు కావాలనే చిన్న రైతు ఉన్నాడు కాబట్టి మొదటిది కొంత మిగిలింది. నల్లగొండ బత్తాయి తోటలకూ, కొల్లాపూర్ మామిడి తోటలకూ పశువుల ఎరువు కావాలి కాబట్టి రెండోదానికి దారి ఉంది. మూడోది చట్టంలో రాసే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కునూ, కాలానికో చోటికి మందను తోలే సంచార కాపరుల హక్కునూ పేరుపెట్టి గుర్తించింది. ఆ హక్కు కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సింది గ్రామసభలోనే. పోడు పట్టాల మీద మాట్లాడినంత గట్టిగా మేత మీద కూడా అక్కడ మాట్లాడాలి, అదీ వానలు మొదలై మందలు అడవి దారి పట్టకముందే.