తెలంగాణ రాతి సమాధులు: వంశమూలాల ప్రశ్న

తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచే రాతి కట్టడాల్లో చాలావరకు ఇనుప యుగపు సమాధులే. నేల మీద బండల వలయం, దాని నడుమ రాతి పలకలతో కట్టిన గది, పైన మూతబండ. లోపల ఎముకలతోపాటు నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు దొరుకుతాయి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో రాష్ట్ర పురావస్తు శాఖ 2017లో తెరిచిన సమాధి మూతబండ 40 టన్నుల పైమాటే. దాన్ని క్రేన్‌తో లేపారు.

నిజాం కాలంలోనే ఈ సమాధుల మీద పని మొదలైంది. హైదరాబాద్ పరిసరాల్లోని వాటిపై ఇ.హెచ్. హంట్ 1924లో వ్యాసం ప్రచురించాడు. ఆనాటి పండితులు కుండలను, ఆయుధాలను బట్టి జాతులను ఊహించేవారు. అది బలహీనమైన పద్ధతి: కుండ సంతలో చేతులు మారుతుంది, వంశం మారదు.

వంశం తేల్చాలంటే ఎముకలోని డీఎన్ఏ కావాలి. అది బాగా నిలిచేది చలిలో. సైబీరియాలోని యకూతియాలో గడ్డకట్టిన నేల వందల ఏళ్ల నాటి శవాలను బట్టలతో సహా కాపాడింది. యకూతుల పితృవంశాలు ఎక్కువగా కొద్దిమంది మూలపురుషుల నుంచే వచ్చాయని వాటి పరీక్షల్లో తేలింది.

మన ఎండలో, వానలో ఎముకలోని డీఎన్ఏ అంత కాలం ఆగదు. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటే. హిమాలయాల్లో 5,029 మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ సరస్సు కథ వేరు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2019 అధ్యయనంలో అక్కడి 38 అస్థిపంజరాల డీఎన్ఏ చదివారు. వాటిలో 23 దక్షిణాసియా వారివి, క్రీ.శ. 800 ప్రాంతానివి. 14 తూర్పు మధ్యధరా మూలాలవారివి, సుమారు వెయ్యేళ్ల తర్వాతివి. ఒకటి ఆగ్నేయాసియా మూలాలవారిది. అందరూ ఒకే వడగళ్ల వానకు బలయ్యారన్న ప్రచారం దీంతో నిలవలేదు.

నర్మెట్ట ఎముకల నమూనాలనూ సీసీఎంబీకే పంపారు. సమాధిలో డీఎన్ఏకు ఎక్కువ ఆశ ఉన్నది లోపలి చెవిని చుట్టి ఉండే గట్టి ఎముకలో. గది కదిలితే అలాంటి ముక్కలు పోవచ్చు. పొలం చదును చేసేటప్పుడు, వెంచర్ వేసేటప్పుడు బండల వలయం కనబడితే జేసీబీని ఆపి పురావస్తు శాఖకు కబురు పెట్టండి.